చుట్టి పెట్టిన వాకిలి

మా నాయనమ్మ అమెరికా వచ్చాక మొదటి నాలుగు నెలలూ నేల చూడలేదు.

షామ్‌బర్గ్‌లో మా ఇంటికి ఆమె వచ్చింది డెబ్బై ఎనిమిది డిసెంబరులో. అప్పటికే మంచు పడి ఉంది. దాని మీద ఇంకా పడింది. ఆ చలికాలం చికాగో చుట్టుపక్కల పడ్డ మంచు గురించి ఇక్కడివాళ్ళు ఇంకా చెప్పుకుంటూనే ఉన్నారు. ఒక ఉదయం మా నాన్న రొప్పుతూ, రోజుతూ కారు మీది మంచంతా తవ్వి తీసి, తీరా తలుపు దగ్గరికి వచ్చేసరికి అది మా కారు కాదు, పక్కింటి స్టెల్లాది. ఆ ముసలావిడ కిటికీలోంచి చూస్తూ రెండు చేతులూ గుండెల మీద పెట్టుకుంది. ఆ రోజు నుంచీ ఆవిడ దృష్టిలో మా నాన్నంత మంచివాడు ఈ వీధిలో లేడు. నాన్న నిజం చెప్పలేదు.

నాయనమ్మకి వంటింటి వెనక అద్దం తలుపు దగ్గర కుర్చీ వేసేవాళ్ళం. ఉన్ని శాలువా, దాని మీద నాన్న పాత కోటు, నెత్తిన మంకీ క్యాపు. అలా కూర్చుని తెల్లటి పెరడు కేసి చూస్తూ రోజూ ఒకటే ప్రశ్న.

"ఏమే శాంతీ, ఆ మంచు కింద ఏముందే?"

నాకప్పుడు పదకొండేళ్ళు. రోజుకో జవాబు చెప్పేదాన్ని. "చెరువు ఉంది నాయనమ్మా, చేపలు నిద్రపోతున్నాయి." ఇంకోరోజు, "ఈ ఇల్లు మనకి అమ్మినాయన బస్సొకటి వదిలేసి వెళ్ళాడట." ఆమె వేటినీ నమ్మేది కాదు, అలాగని కొట్టిపారేసేదీ కాదు. కాసేపు ఆలోచించి, "చెరువైతే గట్టుండాలి గదే?" అనేది.

చివరికి ఒకరోజు నాన్ననే అడిగింది. నాన్న పేరు ప్రేమానందం. యంత్రాల కంపెనీలో ఇంజనీరు. కంపెనీ గేటు దాటి బయటికొచ్చాక దేన్నీ గమనించని మనిషి.

"నేలైనా చూడకుండా ఇల్లు కొన్నావంట్రా?"

"చూశానమ్మా. ఆగస్టులో కొన్నాం గదా. వెనక లాన్ ఉంది."

"లానంటే?"

"గడ్డి."

"గడ్డా? మనకి గొడ్లు లేవుగా."

"చూడ్డానికమ్మా."

"గడ్డిని చూస్తారా?"

నాన్న పేపరు పేజీ తిప్పాడు. "చూస్తారు. పెరిగితే కత్తిరిస్తారు కూడా."

"కత్తిరించి ఎవరికేస్తారు?"

"ఎవరికీ వెయ్యరు. సంచుల్లో కట్టి పారేస్తారు."

నాయనమ్మ నా వైపు తిరిగింది. నా చేపల చెరువే నమ్మదగ్గదిగా ఉందన్నట్టు చూసింది.

ఆమె పేరు సువార్తమ్మ. బాపట్ల దగ్గర ఒక మిషన్ బాలికల హాస్టల్లో ముప్ఫై ఏళ్ళు మేట్రన్‌గా చేసింది. అక్కడంతా ఇసక నేల. తెల్లారేసరికి హాస్టల్ వాకిలి ఊడ్చి ఉండాలి. ఆమె లెక్కలో ఊడవడమంటే చెత్త తీయడం ఒక్కటే కాదు, ఇసక మీద చీపురు గీతలన్నీ ఒకే వైపుకి ఉండాలి. ఒక్క గీత వంకర పోయినా ఆ పిల్లని పేరు పెట్టి పిలిచి మళ్ళీ ఊడిపించేది. ఇక గడ్డి పరక కనబడిందంటే ఆ పూట ఎవరికీ టిఫిను లేనట్టే. గడ్డి మొలిస్తే పురుగు చేరుతుంది, పురుగు కోసం పాము వస్తుంది, పాము వస్తే పిల్లల తల్లిదండ్రులకి జవాబు చెప్పాల్సింది మేట్రన్. ఆమె ఉన్నన్నాళ్ళూ ఆ హాస్టల్లో ఒక్క పిల్లకీ పాము కరవలేదు. ఈ సంగతి ఎవరు పరిచయమైనా ముందు చెప్పేది, తన పేరు తర్వాత.

వాకిలి అలా ఊడవాలని ఆమెకి నేర్పింది అమెరికా దొరసానులట. "వాళ్ళ ఊళ్ళో గడ్డి పెంచుకుని చూసుకుంటారని ఒక్క దొరసానీ నోరు విప్పి చెప్పలేదు చూడు" అని చాలాకాలం వాపోయింది.

వచ్చేటప్పుడు పెట్టెలో రెండు కొబ్బరి ఈనెల చీపుళ్ళు పెట్టుకొచ్చింది. ఊరగాయ జాడీలన్నీ వదిలేసిన కస్టమ్స్ ఆయన ఆ చీపుళ్ళ దగ్గర ఆగిపోయాడు. ఇటు తిప్పి, అటు తిప్పి, వాసన చూసి, ఇదేమిటని అడిగాడు. నాయనమ్మ అతని చేతిలోంచి లాక్కుని, విమానాశ్రయం నేల నాలుగు బారలు ఊడ్చి చూపించింది. ఊడ్చాక గీతలు పడలేదని అతని కంటే ఆమే ఎక్కువ ఆశ్చర్యపోయింది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఆ ఈస్టరుకి మా పెరట్లో జరిగింది అర్థం కావాలంటే ఆ చీపుళ్ళ సంగతి తెలియాలి.

మా తెలుగు క్రైస్తవ సంఘంలో అప్పటికి పట్టుమని పాతిక కుటుంబాలు లేవు. సొంత గుడి లేదు. ఒక అమెరికన్ చర్చివాళ్ళు తమ బేస్‌మెంటు ఆదివారం మధ్యాహ్నం మాకు ఇచ్చేవాళ్ళు. ఫిబ్రవరిలో మా ఇంట్లో ప్రార్థన కూటం జరిగినప్పుడు సంఘపెద్ద జయరాజు అంకుల్ లేచి ప్రకటనలు చదివాడు.

"ఈస్టరు ఆరాధన ఎప్పటిలాగే మధ్యాహ్నం మూడు గంటలకి."

"ఎన్నింటికీ?" అంది నాయనమ్మ మూల కుర్చీలోంచి.

"మూడింటికండీ అమ్మగారూ. బేస్‌మెంటు అప్పుడే ఖాళీ అవుద్ది."

"ప్రభువు లేచింది తెల్లారి గదా నాయనా. మీ బేస్‌మెంటు ఖాళీ అయ్యేదాకా ఆయన్ని పడుకోమందామా?"

అందరూ నవ్వారు. జయరాజు అంకుల్ భార్య వసంతకుమారి ఆంటీ మాత్రం నవ్వలేదు. ఆంటీ చిన్నప్పుడు ఆ హాస్టల్లోనే చదివింది. ఇప్పుడు బ్యాంకులో ఉద్యోగం, హైవే మీద కారు రయ్యిన తోలుతుంది. అయినా నాయనమ్మ గొంతు పెంచితే తెలియకుండానే లేచి నిలబడేది. అప్పుడూ నిలబడింది.

"కూర్చోవే వసంతా, నిన్ను కాదు" అంది నాయనమ్మ. "మా వాకిట్లో పెట్టుకుందాం. తెల్లవారుజామున. నేల మీద చాపలేసుకుని, ఆకాశం కింద."

నాన్నకి టీ పొలమారింది. "అమ్మా, ఏప్రిల్లో ఇక్కడ ఇంకా చలి..."

"కోట్లు లేవా మీకు? నేనొచ్చిన కాణ్ణించీ చూస్తున్నా, కోట్లు తప్ప ఇంకేం లేవు ఈ ఇంట్లో."

అందరూ వెళ్ళిపోయాక నాన్న నచ్చచెప్పబోయాడు. ఆమె ఈసారి ఎగతాళి చేయలేదు. "బుద్ధి తెలిసిన కాణ్ణించీ ఈస్టరు తెల్లారి నేను నాలుగ్గోడల మధ్య లేనురా. బయట నేల మీద ఉన్నా. అది కూడా లేకపోతే ఈ అద్దం పెట్టెలో కూర్చుని నేనేం చేస్తా? జరిగిందా, ఉంటా. జరగలేదా, మే నెలలో నాకు టికెట్టు తియ్యి."

 ఆమె టికెట్టు అన్నదంటే తీయించుకునే మనిషని నాన్నకి తెలుసు.

మార్చి మూడో వారంలో మంచు కరగడం మొదలైంది. నాయనమ్మకి ఇక ఇంట్లో కాలు నిలవలేదు. రోజుకి కాస్త చొప్పున ఫెన్స్ దగ్గర నుంచి నేల బయటపడుతుంటే, నాన్న రబ్బరు బూట్లలో పాదాలు దూర్చి, చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, ఏం దొరికిందో చూసి వచ్చేది. ఒంటి చేతి తొడుగు. స్టెల్లా కుక్క కొరికేసిన బంతి. ప్లాస్టిక్ సంచిలో చుట్టిన జనవరి నెల పేపరు. అక్టోబరులో నేను పోగొట్టుకున్న చెప్పు. చివరిదాన్ని నా మొహం ముందు ఆడించి, "ఇదేనా నీ చేప?" అంది.

అటు స్టెల్లా కూడా ఇల్లు సర్దుకుంటోంది. చలి తగలకుండా గులాబీ మొక్కల మీద బోర్లించిన తెల్లటి డబ్బాలు ఒక్కొక్కటీ తీస్తోంది. "అవేంటే? గులాబీలకి టోపీలా?" అని నాయనమ్మ ఫెన్స్ పట్టుకుని నిలబడిపోయింది. స్టెల్లా కిటికీల అద్దాలు ఊడదీసి కడిగింది, తర్వాత చెత్తడబ్బాని కూడా సబ్బుపెట్టి తోమింది. నాయనమ్మ మనసుని అక్కడ పూర్తిగా గెలిచేసింది. "హాస్టల్లో పెట్టుకోవాల్సిన మనిషే" అంది.

మంచు పూర్తిగా పోయాక మా పెరడు చూసి మాత్రం ఆమె మొహం మాడిపోయింది. గడ్డంతా చచ్చిన రంగులో, తడిసిన గోనెపట్టాలా నేలకి అంటుకుపోయి ఉంది. అక్కడక్కడా గజ్జి పట్టినట్టు తెల్లటి మచ్చలు. అంతకంటే ఘోరం, ఆ గడ్డిలో వంకర్లు తిరిగిన దారులు. వేలు వెడల్పున నొక్కుకుపోయి, ఒకదాన్నొకటి దాటుకుంటూ, కొన్ని ఫెన్స్ కిందకి, కొన్ని మేపుల్ చెట్టు మొదట్లోకి పోతున్నాయి.

నాయనమ్మ గొంతుక్కూర్చుని బొటనవేలు పెట్టి కొలిచింది.

"పాము జాడలు" అంది మెల్లగా. "పిల్లపాములు. తల్లి వేరే ఉంటది."

నేను ఫెన్స్ దగ్గరకి పరిగెత్తాను. స్టెల్లాని పిలుచుకొచ్చాను. ఆవిడ చూసి నవ్వి, ఇవి ఎలకల దారులంది. చలికాలమంతా చిన్న చిన్న ఎలకలు మంచు కింద సొరంగాలు చేసుకుని తిరుగుతాయట, మంచు పోయాక దారులు మిగిలిపోతాయట. నాలుగు నెలలుగా అడిగిన ప్రశ్నకి జవాబు అదీ. మంచు కింద ఎలకలున్నాయి. నా చేపలూ బస్సూ కలిపినా ఇంత బాగుండవు.

నేను తెలుగులో చెప్పాను. నాయనమ్మ శ్రద్ధగా విని, "ఎలకలున్నాయా? మరి పాములు దేనికోసం వస్తాయనుకున్నావే?" అంది. 

"పిల్లా జెల్లా చెప్పులిప్పి కూర్చునేది ఈ గడ్డిలోనా?" అని ఆ సాయంత్రం నాన్నని పట్టుకుంది. "వాకిలి శుభ్రం చేసుకోనా?"

నాన్న సూట్‌కేసు సర్దుకుంటున్నాడు. కంపెనీవాళ్ళు ట్రైనింగుకి టెక్సాస్ పంపిస్తున్నారు, ఈస్టరు ముందు శుక్రవారం దాకా రాడు. "చేసుకో అమ్మా, నీ ఇష్టం" అన్నాడు తలెత్తకుండా.

అంతే. అనుమతి దొరికింది.

మా అమ్మ విమలకుమారి ఆసుపత్రిలో నర్సు. రాత్రి డ్యూటీ. పొద్దున వచ్చి, దళసరి కర్టెన్లు లాగేసి, సాయంత్రం దాకా పడుకునేది. నాయనమ్మ వంటింటి అద్దం తలుపుకి కూడా దుప్పటి కట్టేసింది. "పాపం విమలకి వెలుతురు పడదు" అంది. నేను చాలామంది దొంగల కథలు విన్నాను గానీ ఇంత తెలివి ఎక్కడా వినలేదు.

మొదటిరోజు నేను బడి నుంచి వచ్చేసరికి ఆమె మేపుల్ చెట్టు కింద నిలబడి ఉంది. చేతిలో గ్యారేజీలో పాత ఓనరు వదిలిపోయిన చదునైన పార. మంకీ క్యాపులోంచి చెమట కారుతోంది. మొహం మాత్రం వెలిగిపోతోంది.

"ఇటు రావే, ఒకటి చూపిస్తా" అంది. పార అంచుతో గడ్డిని నిలువునా కోసి, కిందకి పోనిచ్చి ఎత్తింది. గడ్డి ఊడి రాలేదు. దుప్పటిలా లేచింది. అంచు పట్టుకుని లాగుతూ చుట్టుకుంటూ పోయింది. కాసేపటికి అక్కడొక పెద్ద చుట్ట, దాని వెనక నల్లటి బోడి నేల.

"చూశావా? ఇది మొలిచిన గడ్డి కాదే, పరిచిన గడ్డి! చాపలాగా పరిచారు. ఎవరే ఇట్టాంటి పని చేసింది?"

పాత ఓనరు ఇల్లు అమ్మే ముందు వేసవిలో తెప్పించి పరిపించాడని స్టెల్లా చెప్పింది. నాయనమ్మకి అది విన్నాక ధైర్యం రెట్టింపయింది. పరిచింది తీయడంలో తప్పేముంది? పెళ్ళి అయ్యాక పందిట్లో చాపలు చుట్టేయరా?

స్టెల్లా ఫెన్స్ మీద గడ్డం ఆనించి నన్ను అడిగింది. "మీ గ్రాండ్‌మా ఏం చేస్తోంది?"

"శుభ్రం చేస్తోంది."

"దేన్ని?"

నేను చుట్టూ చూశాను. "అన్నిటినీ."

రోజుకి కొన్ని చుట్టలు. ఈస్టరుకి ముందొచ్చే మట్టల ఆదివారం నాటికి చెట్టు దగ్గర నుంచి వంటింటి గడప దాకా పెరడంతా బోడి. చుట్టలన్నీ ఫెన్స్ పక్కన వరసగా, హాస్టల్లో పరుపులు పేర్చినట్టు. రెండు రోజులు ఎండా గాలీ తగలడంతో నేల పొడిబారింది. ఆమె కొబ్బరి చీపురు తీసి ఊడ్చింది. గీతలన్నీ ఒకే వైపు, ఒక్క వంకర లేదు.

ఆ ఆదివారం అమ్మకి సెలవు. దుప్పటి తప్పించి, కాఫీ కప్పుతో అద్దం తలుపు దగ్గర నిలబడిపోయింది.

"అత్తయ్యా... ఇది... ఆయనకి తెలుసా?"

"అడిగే చేశా."

అమ్మ కాఫీ కప్పు పక్కన పెట్టింది. తలుపు తీసి, సాక్సులు విప్పి, ఆ ఊడ్చిన నేల మీద ఒక్క అడుగు వేసింది. ఎంత చలో ఆ నేల! వెంటనే కాలు వెనక్కి లాక్కుని, "మా అమ్మ ఊడ్చినట్టే ఉంది" అని లోపలికి వెళ్ళిపోయింది. తర్వాత అమ్మ పాదముద్ర పడ్డచోట నాయనమ్మ మళ్ళీ ఊడ్చింది లెండి. వదిలే మనిషా?

మంగళవారం వాన మొదలైంది. బుధవారం పడింది, గురువారం పడింది.

బాపట్ల ఇసక వానని తాగేస్తుంది. వాన వెలిసిన గంటకి చాప పరుచుకోవచ్చు. ఇక్కడి ఇల్లినాయ్ మట్టి జిగురు మట్టి. తాగదు. ముందు గీతలు పోయాయి, తర్వాత నేల మెత్తబడింది, తర్వాత నల్లటి ఊబి. నాయనమ్మ అద్దం తలుపు వెనక కూర్చుని చూస్తోంది. నేను తమాషాకి "ఇప్పుడు నిజంగానే చెరువు వచ్చింది నాయనమ్మా" అన్నాను. ఆమె నవ్వలేదు. 

గురువారం సాయంత్రం ఏర్పాట్లు చూద్దామని జయరాజు అంకుల్, వసంతకుమారి ఆంటీ వచ్చారు. అంకుల్ ఆఫీసు బూట్లతో పెరట్లోకి దిగాడు. రెండో అడుగులో కాలొచ్చింది గానీ బూటు రాలేదు. ఒంటి కాలి మీద నిలబడి, చేతులు చాపి, "వసంతా! వసంతా!" అని అరిచాడు. ఆంటీ గడప దగ్గరే ఉండి, "నాకు కొత్త చీర" అంది.

బూటు తీయడానికి నాయనమ్మ పార కావలసి వచ్చింది.

లోపలికి వచ్చి కాలు కడుక్కున్నాక అంకుల్ చాలా మర్యాదగానే చెప్పాడు. "అమ్మగారూ, ముసలివాళ్ళున్నారు, చంటిపిల్లలున్నారు. బేస్‌మెంటు మూడింటికి మనకి ఉండనే ఉంది. వచ్చే ఏడు చూసుకుందామండీ."

"శనివారం దాకా ఆగు నాయనా" అంది నాయనమ్మ. గొంతులో మేట్రన్ లేదు. అందుకేనేమో వసంతకుమారి ఆంటీ లేచి నిలబడలేదు. వెళ్ళి పక్కన కూర్చుంది.

శుక్రవారం మధ్యాహ్నం నాన్న దిగాడు. సూట్‌కేసు పెట్టి, మంచినీళ్ళు తాగుతూ అద్దంలోంచి చూశాడు. గ్లాసు అలాగే పట్టుకుని చాలాసేపు చూశాడు. జీవితంలో మొదటిసారి ఆయన ఒక విషయం గమనించాడు.

"అమ్మా. లాన్ ఏదీ?"

"అదుగో. చుట్టి పెట్టా."

"చుట్టి... పెట్టావా?"

"నువ్వే చేసుకోమన్నావుగా."

"పుల్లలూ కాయితాలూ ఏరుకోమన్నాననుకున్నానమ్మా నేను!"

అమ్మకి నవ్వాగలేదు, గబగబా వంటింట్లోకి పోయింది. నాయనమ్మ మాత్రం తల దించుకుని కూర్చుంది. ఆమె తల దించుకోవడం నేనెప్పుడూ చూడలేదు. నాన్న కూడా చూసుండడు, టక్కున చల్లబడ్డాడు.

"జయరాజుకి ఫోన్ చెయ్యి" అంది ఆమె. "బేస్‌మెంటులోనే పెట్టుకోమను. టికెట్టు సంగతి కూడా చూడు. మీ నేల నాకు తెలియదురా. తెలియని నేల మీద నేనేం చేసినా ఇట్టాగే ఉంటది."

నాన్న ఫోన్ దగ్గరకి వెళ్ళాడు, రిసీవరు ఎత్తాడు, మళ్ళీ పెట్టేశాడు. "పొద్దున చేస్తాలే" అన్నాడు.

శనివారం పొద్దున వాన లేదు. ఆమె ఎప్పటిలాగే అందరికంటే ముందు లేచింది. కాఫీ గ్లాసు పట్టుకుని, బూట్లు తొడుక్కుని, బురద అంచునే నడిచి వెళ్ళి ఫెన్స్ పక్కన ఒక గడ్డి చుట్ట మీద కూర్చుంది. నేను కిటికీలోంచి చూస్తున్నాను. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. కూర్చున్న చుట్ట మడతలోకి వేలు పెట్టి కెలుకుతోంది. తర్వాత లేచి, గ్లాసు కింద పెట్టి, చుట్ట అంచు పట్టుకుని కొంచెం విప్పింది. వంగి చూసింది. ఇంకొంచెం విప్పింది.

"శాంతీ! ఇటు రా! తొందరగా!"

పాము దొరికిందనుకుని పరిగెత్తాను.

చుట్ట లోపల, ఆ గోనెపట్టా రంగు గడ్డి మధ్యలో, సూది మొనల్లా మొలకలు. వెలుతురు తగలక లోపలివి తెల్లగా, పసుపుపచ్చగా ఉన్నాయి. అంచుల దగ్గరవి పచ్చగా ఉన్నాయి. నాయనమ్మ ఒకటి గిల్లి వాసన చూసింది. నోట్లో వేసుకుని నమిలింది.

"బతికే ఉందే!" అంది. "చుట్టి పడేసినా, చీకట్లో, నీళ్ళు పొయ్యకపోయినా... ఇదెట్టాంటి గడ్డే?"

ఇంకోటి విప్పింది. అందులోనూ ఉన్నాయి. మూడోది కుళ్ళి కంపు కొట్టింది, దాన్ని కాలితో తన్నింది. నాలుగోదాంట్లో మళ్ళీ మొలకలు. మోకాళ్ళ దాకా బురద, నోట్లో గడ్డి పరక. దేశాలు దాటి వచ్చిన రిటైర్డ్ మేట్రన్ గారు అలా చుట్టలు విప్పుకుంటూ పోతుంటే ఫెన్స్ అవతల స్టెల్లా కూడా వచ్చి నిలబడింది. ఈసారి ఏం చేస్తోందని అడగలేదు.

నాయనమ్మ నడుము ఎత్తి, ఊబి కేసి ఒకసారి, చుట్టల కేసి ఒకసారి చూసింది.

"పరిచిందాన్ని తీశా గదా. తీసిందాన్ని పరవొచ్చుగా?" అని, నా జవాబు కోసం చూడకుండా, "మీ నాన్నని లేపు. వసంతకి ఫోను కలుపు" అంది. గొంతులోకి మేట్రన్ వచ్చేసింది.

ఫోన్లో ఆమె చెప్పింది ఇంతే. "వసంతా, పాత చీర కట్టుకో. మీ ఆయన్ని బూట్లు గట్టిగా బిగించుకోమను."

మధ్యాహ్నానికి పెరట్లో పాతికమంది ఉన్నారు. నాన్న, అంకుల్ చుట్టలు మోశారు, అమ్మ, ఆంటీ విప్పారు. స్టెల్లా గ్యారేజీలోంచి చెక్కలు తెచ్చి, వాటి మీద నడుస్తూ పని చేయమని చూపించింది. అతుకుల దగ్గర గట్టిగా తొక్కాలంది. తొక్కే పని పిల్లలది. మాకు అంతకంటే ఏం కావాలి? ఏ ముక్క ఎక్కడిదో ఎవరికీ తెలియదు. ఒకచోట రెండు ముక్కలు ఒకదాని మీదొకటి ఎక్కాయి, ఇంకోచోట జానెడు సందు. ఎలకల దారులు ఒక ముక్క మీద మొదలై, పక్క ముక్కలో తెగిపోయి, ఎక్కడో ఫెన్స్ దగ్గర మళ్ళీ కనబడుతున్నాయి. "ఇప్పుడు ఆ పాములు ఇంటికెట్టా పోతాయి నాయనమ్మా?" అన్నాను. "నీ నోరు అతుకు మీద పెట్టి తొక్కుతా" అంది.

కుళ్ళిన చుట్టల వల్ల చెట్టు మూలకి గడ్డి చాల్లేదు. అక్కడ సగం చచ్చిన ముక్క ఒకటి వేశారు.

ఈస్టరు తెల్లారి ఇంకా చీకటి ఉండగానే కార్లు వచ్చాయి. పట్టుచీరల మీద కోట్లు, కోట్ల మీద శాలువాలు, నోళ్ళలోంచి ఆవిర్లు. ప్లాస్టిక్ పట్టాలు, వాటి మీద చాపలు వేశాం. నడుస్తుంటే కింద నేల కాస్త ఊగుతోంది గానీ, ఎవరి బూటూ పోలేదు. స్టెల్లా తన పెరట్లోనే, ఫెన్స్ అవతల, గౌను మీద కోటు వేసుకుని నిలబడింది. పాటలు మొదలయ్యాయి. చలికి అందరి గొంతులూ వణికాయి, తప్పెట కొట్టే ఆయన వేళ్ళు కొంకర్లు పోయాయి. ఇళ్ళ కప్పుల వెనక ఆకాశం మెల్లగా ఎర్రబడింది.

నాయనమ్మ బూట్లు విప్పేసింది. గడ్డి మీద కాలు పెట్టని మనిషి, ఆ తడి గడ్డి మీద ఒట్టి పాదాలతో నిలబడింది. అంకుల్ కళ్ళు మూసుకుని దీర్ఘంగా ప్రార్థన అందుకున్నాడు. అందరూ కళ్ళు మూసుకున్నారు. నేను ఒక కన్ను తెరిచాను, అలవాటు. చూస్తే నాయనమ్మ రెండు కళ్ళూ తెరిచి ఉన్నాయి. ఆకాశం కేసి కాదు, తన పాదాల చుట్టూ గడ్డి కేసి చూస్తోంది. పాము వస్తుందేమోననో, మొలకలు పెరిగాయేమోననో నాకు తెలియదు. నన్ను చూసి, కళ్ళు మూసుకోమని సైగ చేసింది. తను మాత్రం మూసుకోలేదు.

ప్రార్థన అయ్యాక అంకుల్ హుషారుగా, "ఈ గడ్డిలో మనకొక పాఠం ఉందండీ" అని మొదలెట్టాడు. "పాఠం తర్వాత నాయనా, కాఫీ చల్లారిపోద్ది" అంది నాయనమ్మ. ఆమె కంటే ముందే వసంతకుమారి ఆంటీ ఫ్లాస్కుల దగ్గరకి లేచింది.

అందరూ వెళ్ళాక నాన్న భయం భయంగా అడిగాడు. "అమ్మా, మరి టికెట్టు సంగతి?"

ఆమె చెట్టు మూల గొంతుక్కూర్చుని ఆ సగం చచ్చిన ముక్కని వేలితో ఎత్తి చూస్తోంది. "ఏం టికెట్టు? ఈ ముక్క ఇంకా అతుక్కోలేదు. ఇది అతుక్కుంటదో లేదో చూడొద్దా?"

అది అతుక్కోలేదు. ఆగస్టుకి పూర్తిగా ఎండిపోయింది. మిగతా గడ్డి మాత్రం పచ్చగా లేచింది, అతుకుల దగ్గర మెరకా పల్లం అలాగే ఉండిపోయింది. నాన్న గడ్డి కోసే మిషను అక్కడికి రాగానే ఎగిరిపడేది, ఆయన లోలోపల ఏదో అనుకునేవాడు. చెట్టు మూల బోడి నేలని నాయనమ్మ తన సొంతం చేసుకుంది. ఇసక సంచులు తెప్పించి పోయించింది. నులకమంచం పట్టేంత చోటు. రోజూ తెల్లారి కొబ్బరి చీపురుతో దాన్ని ఊడ్చేది, గీతలన్నీ ఒకే వైపు. ఆ ఊపులో పక్కనున్న గడ్డిని కూడా నాలుగు బారలు ఊడ్చి, దువ్వినట్టు పడుకోబెట్టి వచ్చేది.

అలా తొమ్మిదేళ్ళు ఉంది మా దగ్గర. ఈస్టరు తెల్లవారుజాము ప్రార్థన ప్రతి ఏడూ మా పెరట్లోనే. నేను కాలేజీ సగంలో వదిలేసి ఇంట్లో కూర్చున్న చలికాలం కూడా ఆమె ఆ అద్దం తలుపు దగ్గరే, అదే కోటులో ఉంది. అందరూ నన్ను ఇక ఏం చేస్తావని అడుగుతున్నారు. ఆమె ఒక్కతే అడగలేదు. నేనే వెళ్ళి పక్కన కుర్చీ వేసుకుని అడిగాను.

"ఏముందంటావు నాయనమ్మా, ఈసారి మంచు కింద?"

"ఉండు" అంది మంకీ క్యాపు సర్దుకుంటూ. "కరగనీ, చూద్దాం."